దీపస్తంభాన్ని ఉంచమనీ, నా పాత అర్జీని కొట్టివేయమనీ

రేవు కట్టడాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత దీపస్తంభము కూల్చివేతను నిలుపుదల చేయుట గురించి, మరియు ఇదే దీపస్తంభమునకు వ్యతిరేకముగా ఇరవై రెండు సంవత్సరముల క్రిందట ఇదే అర్జీదారుడు పెట్టుకొనిన అర్జీని రద్దుపరచుట గురించి.

సూచిక: తమ కార్యాలయము నుండి మా సంఘమునకు వచ్చిన జవాబు, దానితో జతపరచిన మూడు కాగితములు.

క్రింద సంతకము చేసిన నేను గడియారాలు బాగుచేసుకొని జీవించువాడను. దీపస్తంభ పరిరక్షణ సంఘమునకు కార్యదర్శిని. ఆ దీపానికి ముప్పై ఒక్క సంవత్సరాలు కాపలా ఉన్న మా మామగారు ఈ సంఘానికి అధ్యక్షులు. మధ్యలో ఇరవై ఆరు రోజులు ఆయన అధ్యక్షులుగా లేరు. దానికి కారణం తమ జవాబు. అసలు కారణం నేను. ఆ వివరములు క్రమముగా మనవి చేసుకొనుచున్నాను.

1. దీపస్తంభాన్ని కూల్చి ఆ జాగాలో బళ్లు నిలుపుకొనే ఆవరణ కడతారని గోడమీద నోటీసు అంటించిన నాటికి మా సంఘంలో నలుగురు సభ్యులు. వారం తిరిగేసరికి ఆరు వందల పన్నెండు సంతకాలు వచ్చాయి. వీటిలో రొట్టెల దుకాణం ఆవిడ ఉత్సాహం కొద్దీ రెండుసార్లు చేశారు కనుక, తమరు ఆరు వందల పదకొండు అని చదువుకోగలరు. ఏదీ దాచకూడదని ఈ అర్జీలో నియమం పెట్టుకున్నాను. ఎందుకో ఐదో అంశంలో తెలుస్తుంది.

2. ఆ సంతకాలతో పంపిన మా అర్జీకి తమ కార్యాలయం పందొమ్మిది రోజుల్లో జవాబు పంపింది. ఇంత తొందరగా జవాబు వస్తుందని ఎవరూ అనుకోకపోవడం వల్ల, వచ్చిన కవరు మాది కాదేమోనని తపాలా ఆయన రెండు వీధులు తిప్పి తెచ్చారు. జవాబులో కూల్చివేతకు మూడు కారణాలు చూపారు. ఒకటి, మెట్లు ప్రమాదకరం. రెండు, లోపలి యంత్రం తుప్పుపట్టి పనికిరాకుండా పోయింది. మూడు, ఈ దీపం తమకు వద్దని స్థానికులే గతంలో రాతపూర్వకంగా కోరి ఉన్నారు.

3. మెట్ల సంగతి. వాటిని పరీక్షించి వెళ్లిన ఇంజనీరు గారు నివేదికలో "పైభాగమునందలి మెట్లు మిక్కిలి శిథిలములు" అని రాశారు. ఆయన పైకి ఎక్కలేదని మేము అనడం లేదు. తాళంచెవి తీసుకుని మేము మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు ఇరవై ఏళ్ల దుమ్ములో ఒక జత బూట్ల గుర్తులు పదకొండో మెట్టు దాకా స్పష్టంగా కనబడ్డాయి. పదకొండో మెట్టు మీద ఎవరో చాలాసేపు కూర్చున్న గుర్తు కూడా ఉంది. ఆ పైన దుమ్ము దుమ్ములాగే ఉంది. మొత్తం మెట్లు నూట ముప్పై ఎనిమిది. వాటిలో కదులుతున్నవి మూడు. మూడింటినీ మా తాపీమేస్త్రి ఒక్క పూటలో బిగించాడు. ఇంజనీరు గారి మోకాళ్ల ఆరోగ్యం గురించి మా వీధివారు ఇప్పటికీ అడుగుతున్నారు.

4. యంత్రం సంగతి. ఇది నా వృత్తికి సంబంధించినది కనుక కొంచెం పొడుగవుతుంది, మన్నించాలి. దీపం చుట్టూ మనిషి ఎత్తున అద్దాల గూడు ఒకటి ఉంది. గొలుసుకు కట్టిన ఇనుప బరువు స్తంభం నడిమధ్య మెల్లగా కిందికి దిగుతుంటే పళ్లచక్రాలు కదిలి ఆ గూడును తిప్పుతాయి. అంటే అదొక పెద్ద గోడగడియారం. చేతి గడియారాల్లో భూతద్దంతో వెతుక్కోవలసిన చక్రాలు అక్కడ పళ్లెమంత ఉన్నాయి. మొదటిరోజు వాటిని చూసి నేను కాసేపు పని చేయలేకపోయాను. తుప్పు ఉంది. అది పైపైనే. తమ జవాబు వచ్చేలోగా మూడు వారాలు, రోజూ మధ్యాహ్నం దుకాణం మూసి, కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్క పన్నూ తుడిచాను. మామగారు స్టూలు మీద కూర్చుని ఏ చక్రం ఎటు పడుతుందో చెప్పేవారు. అప్పటికి మా ఇద్దరి మధ్య ఏ గొడవా లేదు. నన్ను "అబ్బాయ్" అని పిలిచేవారు, "నువ్వు" అనేవారు. ఈ మాట తమరు గుర్తుంచుకోవలెనని ప్రార్థన.

5. తమ జవాబును కవరు విప్పకుండానే తీసుకెళ్లి గ్రంథాలయం హాలులో అందరి ఎదుట చదివించాం. చదివింది క్షౌరశాల నడిపే మా కోశాధికారి. ఆయన చదువుతుంటే ఎవరూ తల కదపరు. అది వృత్తి వల్ల వచ్చిన పలుకుబడి. మూడో కారణానికి జతపరచిన కాగితం తీసి, గొంతు సవరించుకుని, ఆయన ఇలా చదివారు:

"కొత్తగా కాపురము పెట్టిన వారమగుటచేత మనవి చేయునది ఏమనగా, ఎదుటి దీపస్తంభము వెలుతురు పన్నెండు సెకనులకు ఒకమారు మా గదిలోనికి ప్రవేశించి, నాలుగు గోడలను పరిశీలించి, నిష్క్రమించుచున్నది. నిద్ర పట్టుట లేదు. ఊరి వైపున ఈ దీపమును ఆపుచేయించవలెనని..."

హాలంతా నవ్వు. మా మామగారు కూడా నవ్వారు. ఆ వాక్యం మొదలైనప్పుడే అది ఎవరు రాసిందో నాకు తెలిసిపోయింది. కోశాధికారి కాగితం చివరికి వచ్చి, సంతకం చూసి, నా వైపు చూసి, అక్షరాలు అలుక్కుపోయాయన్నారు. తమ కార్యాలయం పాత కాగితాలను ఇంత భద్రంగా ఉంచుతుందని ఆ పూటే తెలిసింది. ఒక్క అక్షరం కూడా అలుక్కుపోలేదు. మామగారు లేచి వెళ్లి, కళ్లజోడు పెట్టుకుని, కాగితం ఆయనే చదువుకున్నారు. నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు.

"మీ సంతకం ఏమీ మారలేదండీ, కార్యదర్శి గారూ."

ఇంటికి వెళ్లిపోయారు. మరునాడు రాజీనామా పంపారు.

6. నా సంజాయిషీ. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పెళ్లయి నెల కాలేదు. దీపస్తంభానికి ఎదురుగా మేడమీద ఒంటిగది. పైన దీపం దగ్గర కూర్చున్నది సాక్షాత్తూ పిల్లనిచ్చిన మామగారు. పన్నెండు సెకన్లకొకసారి ఆయనే గదిలోకి తొంగిచూసి, అంతా సవ్యంగా ఉందని నిర్ధారించుకుని వెళుతున్నట్టు ఉండేది. ఇంతకంటే వివరంగా ప్రభుత్వానికి రాయలేను. అర్జీ పెట్టాను. రెండేళ్లకు దీపమే ఆపేసి, గట్టు చివర ఇనుప స్తంభం పాతి, దానంతట అదే వెలిగే దీపం బిగించారు. మామగారిని తమ శాఖ సామాన్ల కొట్టుకు మార్చారు. తాళ్లూ బకెట్లూ లెక్కపెట్టుకుంటూ ఆరేళ్లు చేసి రిటైరయ్యారు.

నా ఒక్క కాగితం వల్లే ఇదంతా జరిగిందని నేను నమ్మలేదు. అంతకు ముందు కుళాయి గురించి మూడు, ఆ తరువాత వీధిదీపం గురించి ఐదు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ శాఖ కదలలేదు. ఇదొక్కటే కదిలిందంటే ఎవరు నమ్ముతారు? అలా అనుకుని ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాను. నెట్టుకొచ్చానని రాశానంటేనే, లోపల అనుమానం ఉన్నదని తమకు అర్థమయి ఉంటుంది. పండుటాకులాంటి మనిషి ఎదురుగా కూర్చుని, ఎవడో అర్జీ పెట్టాడట అబ్బాయ్, వాడి ముఖం ఒక్కసారి చూడాలని ఉంది అంటే, నేను మంచినీళ్లు తెస్తానని లేచేవాణ్ణి.

7. నా భార్య బట్టలు కుట్టే పని చేస్తుంది. ముందుగదిలో మిషను. ఆ సాయంత్రం మేము ఇంటికి వచ్చాక ఆమె నాతో ఏమీ అనకుండా మిషను ముందు కూర్చుంది. ఎవరి జాకెట్టో ఏమో, ఆగకుండా కుట్టింది. భోజనం వడ్డించింది, కాని ఇంకా కావాలా అని అడగలేదు. తొమ్మిదో రోజున దారం తెంపుతూ, నా వైపు చూడకుండా అంది:

"ఒక్క మాట నాతో అంటే పరదా కుట్టేదాన్ని కదా. నాలుగు గజాల గుడ్డతో పోయేది."

అయ్యా, ఈ ఇరవై రెండేళ్లలో ఈ ఆలోచన నాకు రాలేదు. తమ కార్యాలయంలో కూడా ఎవరికీ రాకపోవడం ఒక్కటే నాకు ఊరట.

8. తరువాత రోజుల్లో మామగారి ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను. ఆయన తలుపు వేయలేదు. అంతకంటే ఘోరం చేశారు. మర్యాద చేశారు. "రండి, కూర్చోండి, ఎండలో వచ్చారు" అన్నారు. కుర్చీ తుడిచి వేశారు. పిల్లనిచ్చిన ఇరవై రెండేళ్లలో లేని "గారు" నా వెనక చేరింది. దాని బరువు మోసినవాడికి తెలుస్తుంది. క్షమించమని అడగడానికి నోరు తెరిస్తే, "అబ్బే, మీరు రూల్సు ప్రకారమే చేశారు" అని నా చెప్పుల దాకా వచ్చి సాగనంపారు.

9. యంత్రం ఒంటరిగానే పూర్తి చేయాలని నిశ్చయించుకున్నాను. ఒక మధ్యాహ్నం బరువు పైకి ఎక్కించి, కొక్కెం వదిలాను. గూడు తిరిగింది. ఇరవై ఏళ్ల తరువాత మొదటిసారి. చూడడానికి పక్కన ఎవరూ లేరు. వేగం సరిచేసే మర తిప్పి, చేతి గడియారం చూసుకుంటూ పన్నెండు సెకన్లకు కుదిర్చి, నూనె వేస్తూ కూర్చున్నాను. గంట గడిచేసరికి మెట్ల మీద దగ్గు వినబడింది.

నూట ముప్పై ఎనిమిది మెట్లు. ఆయనకు డెబ్బై ఆరేళ్లు. వచ్చి, స్టూలు మీద కూలబడి, పది నిమిషాలు ఊపిరి తీసుకున్నారు. నీళ్లు ఇస్తే తాగారు. కళ్లు గూడు మీదే ఉన్నాయి. మోకాలి మీద వేలితో కొడుతూ లెక్కపెడుతున్నారు. తరువాత తెలిసిందేమిటంటే, అద్దాలకు తెర వేయకుండా పట్టపగలు తిప్పడం వల్ల ఎండ వాటిమీద పడి, మూడు వీధుల అవతల ఆయన పడకగది గోడమీద తళుక్కు తళుక్కుమన్నదట. మొదట పట్టించుకోకూడదనుకున్నారట. ఆ వేగం మాత్రం భరించలేకపోయారట.

"ఎంతకు పెట్టావు?"

"పన్నెండుకండి."

"ఎవరు చెప్పారు పన్నెండని?"

ఎవరు చెప్పారో తమ దస్త్రంలో సంతకంతో సహా ఉంది.

"పదిహేను. ముప్పై ఒక్క ఏళ్లలో నా దీపం ఒక్కరోజు కూడా పన్నెండుకు తిరగలేదు. తిరిగితే సముద్రంలో ఉన్నవాడు ఇదేదో వేరే రేవు అనుకుంటాడు. నిద్ర పట్టలేదని రాసుకున్నావు, సరే. తప్పు లెక్క ఎలా రాశావురా? గడియారాలవాడివి కదా."

"నువ్వు" తిరిగి వచ్చింది. పైగా "రా" అదనం. మర్యాద పోతే మనిషికి ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. ఆ వయసులో నా లెక్క ఎందుకు తొందరపడిందో చెప్పుకోలేక, తప్పయిపోయింది మావయ్యా అన్నాను. నేను అన్నది సెకన్ల గురించి కాదని ఆయనకు తెలుసు. మర తిప్పి, వేగం తగ్గించి, చెవి పెట్టి విన్నారు. అప్పుడు, యంత్రంతో చెబుతున్నట్టు అన్నారు:

"ఆ గది చూసి ఒప్పుకుంది నేనే. కిటికీ ఇటు ఉందనే ఒప్పుకున్నాను. దీపం పెట్టాక అమ్మాయి ఇంట్లో లైటు వెలిగిందా లేదా అని ఒకసారి చూసుకునేవాణ్ణి. ఒక్కసారే."

ఒక్కసారే అన్న మాటను రెండుసార్లు అన్నారు. కనుక అయ్యా, నా పాత అర్జీలోని ఆరోపణ పూర్తిగా నిరాధారం కాదని తమ రికార్డు కోసం తెలియజేసుకుంటున్నాను. దీన్ని నేను కోర్టులో వాడుకోను.

కొట్టులో తాళ్లు లెక్కపెట్టిన ఆరేళ్ల గురించి కూడా ఆ పూట కొంత చెప్పారు. అది ఇక్కడ రాయను. అది విన్నాక నేను మెట్లు దిగేటప్పుడు ఆయన నా చేయి పట్టుకున్నారో, నేను ఆయన చేయి పట్టుకున్నానో సరిగా చెప్పలేను.

10. ఇక స్థానికుల అభ్యంతరం గురించి. అభ్యంతరం పెట్టిన స్థానికుడు ఒక్కడే. వాడు దానిని ఈ అర్జీ ద్వారా ఉపసంహరించుకుంటున్నాడు. అయినా తమరు రూల్సు మనిషి గనుక, మా మామగారు కాగితం మీద గీత గీసి, దీపం వెలుతురు ఏయే ఇళ్ల మీద పడుతుందో గుర్తుపెట్టి ఇచ్చారు. రెండు వందల పదమూడు ఇళ్లు. నేనూ నా భార్యా కోశాధికారీ తలుపు తలుపుకూ తిరిగాం. "మా గదిలోనికి దీపస్తంభపు వెలుతురు వచ్చుటకు మాకు అభ్యంతరము లేదు" అన్న వాక్యం కింద అందరి సంతకాలూ జతపరిచాం. కొందరు పక్కన సొంత మాటలు రాశారు. వాటిని కొట్టివేయడం ధర్మం కాదని అలాగే ఉంచాం. పసిపిల్లల తల్లి ఒకావిడ, మా ఇంట్లో ఎలాగూ ఎవరూ నిద్రపోవడం లేదని రాశారు. బడిలో బొమ్మలు నేర్పే మాస్టారు, ఇరవై ఏళ్లుగా చీకట్లో తాళంచెవి వెతుక్కుంటున్నానని రాశారు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి గుమ్మంలో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా భార్య సంచిలోంచి టేపు తీసి, ఏమీ అడగకుండా వాళ్ల కిటికీ కొలత తీసుకుంది. అప్పుడు సంతకం చేశారు. ఇప్పటికి ముప్పై నాలుగు పరదాలు కుట్టింది. నాకు ఇంకా కావాలా అని అడగడం కూడా మళ్లీ మొదలుపెట్టింది.

11. ఇది నేరాంగీకారం. కిందటి శనివారం సాయంత్రం ఆరున్నర నుంచి ఏడుం పావు వరకు, తమ అనుమతి లేకుండా, దీపస్తంభంలో దీపం వెలిగించాం. పడవల మెకానిక్కు బ్యాటరీ, ఫొటో స్టూడియో ఆయన బల్బు. అయితే సముద్రం వైపు మొత్తానికి నల్లగుడ్డ కట్టాం. అది మామగారు పెట్టిన షరతు. రేవు పటంలో లేని దీపాన్ని చూపించి సముద్రంలో ఉన్నవాడికి అబద్ధం చెప్పకూడదన్నారు. గుడ్డ నా భార్య కుట్టింది. ఆ విధంగా వెలుగంతా ఊరివైపే పడింది. నేను ఒకప్పుడు కోరిన దానికి ఇది సరిగ్గా తలకిందులు.

వెలుతురు మొదటి చుట్టు తిరిగేసరికి వీధుల్లోకి జనం వచ్చారు. రెండో చుట్టుకు మేడలమీదికి ఎక్కారు. ఎవరూ కేకలు వేయలేదు. వెలుగు తమ మీదికి వచ్చినప్పుడు తలెత్తి, వెళ్లాక పక్కవాళ్లతో మాట్లాడుకుని, మళ్లీ తలెత్తారు. పక్కవీధుల వాళ్లు, తమ ఇళ్ల మీద ఎందుకు పడటం లేదని కింద కోశాధికారితో తగాదాకు దిగారు. మామగారు పైన గడియారం పట్టుకుని నిలబడ్డారు. నలభై ఐదు నిమిషాలూ చుట్టుకు పదిహేను సెకన్లే. ఒక్కసారి కూడా తేడా రాలేదు. చివర గడియారం మూసి, "బాగా చేశావు" అన్నారు. అంత పొడుగు మెచ్చుకోలు నా పెళ్లయ్యాక ఇదే మొదటిది.

కావున అయ్యగారు దయతలచి,

క) దీపస్తంభాన్ని కూల్చకుండా, దాని నిర్వహణను మా సంఘానికి అప్పగించవలెను.

ఖ) ఇరవై రెండేళ్లనాటి నా అర్జీని దస్త్రం నుంచి తీసివేయవలెను. అది కుదరకపోతే, అందులో పన్నెండు అన్న చోట పదిహేను అని దిద్దించవలెను. మామగారు రెండోదానికే పట్టుబడుతున్నారు.

గ) పదకొండో అంశంలోని నేరానికి శిక్ష ఉంటే నా ఒక్కడికే వేయవలెను. మామగారు నేనే ముద్దాయినంటారు. నమ్మవద్దు. బరువు పైకి ఎక్కించింది నేను.

ఘ) ఏ నిర్ణయం తీసుకునే ముందైనా తమరు స్వయంగా వచ్చి మెట్లెక్కి చూడవలెను. పదకొండు, నలభై, తొంభై మెట్ల దగ్గర కుర్చీలు వేయించాం.

పైన రాసినదంతా నిజం. పెద్దమనసుతో చిత్తగించవలెను.

ఇట్లు,
ఈసారి కుదురుగా ఆలోచించుకుని సంతకం చేసిన
తమ విధేయుడు,
గడియారాలవాడు
(కార్యదర్శి, దీపస్తంభ పరిరక్షణ సంఘం)

తా.క.: కవరు అంటించబోతుంటే మామగారు ఆపి, ఒక సంగతి రాయలేదేమన్నారు. ఆ శనివారం సాయంత్రం తమ కార్యాలయం భవనంలో అన్ని గదులూ చీకటిగా ఉన్నా, మూడో అంతస్తులో మూలగది కిటికీ ఒకటి తెరుచుకుంది. వెలుతురు అటు వెళ్లిన ప్రతిసారీ అక్కడ ఒకాయన రెండు మోచేతులూ కిటికీ మీద ఆనించి నిలబడి ఉన్నారు. ఆఖరి చుట్టులో ఆయన చెయ్యి ఊపారు. మామగారు కూడా ఊపారు, కాని వెనక దీపం ఉండటం వల్ల అక్కడికి కనబడిందో లేదో అని ఇప్పటికీ బెంగపడుతున్నారు. ఆయన తమరే అయితే, కనబడిందో లేదో ఒక ముక్క రాసి పంపండి సార్, పెద్దాయన నిద్రపోతాడు. తమరు కాకపోతే ఆ గది ఎవరిదో కనుక్కుని, జతపరచిన జాబితాలో చివరి గడిలో వారి చేత సంతకం చేయించండి. గడి ఖాళీగానే ఉంచాం.